నల్లపెట్టె పార్టీ

హేమశ్రీ ఆ మాట దోసె తిరగేస్తూ అంది. దేవీప్రసాద్‌కి ముందు నమ్మబుద్ధి కాలేదు. అంత మాట అనేటప్పుడు మనిషన్నాక కనీసం స్టవ్వు ఆపాలి కదా.

"దసరాలోపు మన బిల్డింగ్‌లో ఇంకొక్కరైనా మీ నల్లపెట్టెలాటిది కొనాల. లేదంటే దాన్ని అమ్మీసి, ఆ బల్ల మీద నా గ్రైండర్ పెట్టీసుకుంటాను."

నల్లపెట్టె అంటే ఎక్స్‌బాక్స్. కొడుకు నవీన్ వీడియోగేములు ఆడుకోవడానికని చెప్పి దేవీప్రసాద్ కొన్నాడు. నవీన్ వాళ్లమ్మ ఫోన్‌లో ఆడుకుంటాడు. పెట్టె ముందు కూర్చునేది తండ్రే. ఆటోనగర్ దుమ్ము పడకుండా దాని మీద టర్కీ తువ్వాలు కప్పాడు. రిమోట్‌కి పాలిథీన్ కవరు తొడిగాడు. తెచ్చిన రోజు బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ కూడా పెడదామనుకున్నాడు గానీ, దానికి చక్రాలు లేవని ఊరుకున్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ బిల్డింగ్‌లో మిగతా పెట్టెలన్నీ తెల్లవి. అంటే ప్లేస్టేషన్లు. తెల్లపెట్టెలవాళ్లు కరివేపాకు ఇచ్చిపుచ్చుకున్నంత తేలిగ్గా ఆటల డిస్కులు ఇచ్చిపుచ్చుకుంటారు. ఒకరు కొంటే నాలుగిళ్లు ఆడతాయి. నల్లపెట్టెకి ఆ డిస్కులు పనికిరావు. దేవీప్రసాద్ ఏ ఆట కావాలన్నా కొనుక్కోవలసిందే. ఇంకో ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే ఆటలు మార్చుకోవచ్చని ఇంట్లో చెబుతూనే ఉంటాడు. కొన్నప్పుడల్లా హేమశ్రీ ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడం అంటే ఒప్పుకోవడమే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

తెల్లపెట్టెలకి పెద్దదిక్కు మూడో అంతస్తు సుందర్ రాజ్. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం. కానీ మాట్లాడితే, "మేం వాళ్లకంటే ఎక్కువ అమ్మినాం" అంటాడు. ఆ 'మేం'లో తానొకడు ఉన్న సంగతి, జపాన్‌లో ఆ పెట్టెలు చేసే కంపెనీవాళ్లెవరికీ తెలియదు. దేవీప్రసాద్ మాత్రం తక్కువ తిన్నాడా? తన పెట్టె పన్నెండు టెరాఫ్లాపులని చెబుతాడు. టెరాఫ్లాప్ అంటే ఏమిటో అతనికి తెలియదు. విన్నవాళ్లకీ తెలియదు. అందువల్ల ఆ వాదనలో ఇంతవరకూ ఓడిపోలేదు.

ఆ వారమే, కింది అంతస్తు రామలక్ష్మమ్మ లిఫ్టులో నోరు జారింది. తగరపువలస ఆవిడ. భర్త పోర్టులో చేసి పోయాడు, పెన్షన్ వస్తుంది. కాలేజీ చదువుకని మనవరాలు ఆశ వచ్చి ఉంటోందనీ, ఆ పిల్లకి ఆటలపెట్టె ఏదో కొనాలనీ అంది. లిఫ్టులో దేవీప్రసాద్ ఉన్నాడు. సుందర్ రాజ్ కూడా ఉన్నాడు. ఇద్దరూ తమ అంతస్తులు వచ్చినా దిగలేదు.

మర్నాడు పొద్దున్న పాల ప్యాకెట్టుకి దిగిన దేవీప్రసాద్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. సుందర్ రాజ్ భుజం మీద గ్యాస్ సిలిండర్ ఉంది. సొంత ఇంటి సిలిండర్‌ని కాలితో దొర్లించడానికి కూడా నడుంనొప్పి అనే మనిషి.

"ఏటి బావా, పొద్దున్నే సిలిండర్ మోసేత్తన్నావ్?"

"పెద్దావిడ కదా బావా. ఎవరో ఒకరు సూడాల."

ఇంత దిగజారతాడని అనుకోలేదు దేవీప్రసాద్. ఆ సాయంత్రమే వెళ్లి రామలక్ష్మమ్మ ఇంట్లో కారని కుళాయి కూడా విప్పి బిగించాడు. తర్వాత ఆవిణ్ని పైకి పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తువ్వాలు తీసి పెట్టె చూపించాడు. తెర మీద సైనికుడు బురదలో పాకుతూ అరగంటసేపు అందర్నీ కాల్చాడు.

ఆవిడ శ్రద్ధగా చూసింది. "ఈ బాబు అన్నం ఎప్పుడు తింటాడు?" అని అడిగింది. దేవీప్రసాద్ టెరాఫ్లాపుల గురించి చెప్పాడు.

"అది సరే. ఇంటికి నలుగురొచ్చినారనుకో. అప్పుడేటి సేత్తారు?"

"నాను ఆడతాను, ఆళ్లు సూత్తారండి."

ఆవిడ కాఫీ తాగేసి, ఆలోచిస్తానంటూ వెళ్లిపోయింది. ఆలోచిస్తానంది గనక సగం కొన్నట్టేనని లెక్క వేసుకున్నాడు దేవీప్రసాద్. సుందర్ రాజ్ కూడా అదే లెక్క వేసుకున్నాడని అతనికి తెలియదు.

వినాయకుడి నిమజ్జనం అయ్యాక పోటీ ఇంకా ముదిరింది. దేవీప్రసాద్ పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఆవిడకి ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చిపెట్టాడు. సుందర్ రాజ్ ఇంటి నుంచి సెప్టెంబర్‌లోనే క్రిస్మస్ కేకు దిగింది. ఒక్క విషయంలో మాత్రం దేవీప్రసాద్‌కి ధైర్యంగా ఉండేది. హేమశ్రీ రోజూ సాయంత్రం రామలక్ష్మమ్మ ఇంటికి వెళ్తోంది. పైకి అలా అన్నా, మొగుడి పెట్టె కోసం లోపాయికారీగా ప్రచారం చేస్తోందని మురిసిపోయాడు. సుందర్ రాజ్ భార్య రోజలిన్ కూడా అక్కడికే వెళ్తోందని తెలిసి కంగారుపడ్డాడు. ఒక్కరోజు కూడా మానొద్దని, కావాలంటే వంట తను చేస్తానని హేమశ్రీని బతిమాలాడు. ఆవిడ వద్దనలేదు. దేవీప్రసాద్ సాంబారు పెట్టడం నేర్చుకున్నాడు.

దసరా ముందురోజు సాయంత్రం పళ్ల బుట్టతో కిందికి దిగాడు. రామలక్ష్మమ్మ తలుపు ముందు సుందర్ రాజ్ అప్పటికే ఉన్నాడు. అతని చేతిలో ఇంకా పెద్ద బుట్ట. లోపలినుంచి ఆడవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. ఎవరో పడిపోయారనుకుని ఇద్దరూ తలుపు తోశారు.

ఎవరూ పడిపోలేదు. టీవీ తెర మీద బుల్లి కార్లు పరుగెడుతున్నాయి. రామలక్ష్మమ్మ కొంగు బొడ్లో దోపుకుని, బిస్కెట్టంత రిమోట్ పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా మనిషి మొత్తం ఒరిగిపోతోంది. పక్కన ఆశ. నేలమీద రోజలిన్, హేమశ్రీ. హేమశ్రీ కారు ముందుకు పోకుండా రోజలిన్ ఆవిడ చెయ్యి లాగుతోంది. హేమశ్రీ పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చివరిసారి ఎప్పుడు విన్నాడో దేవీప్రసాద్‌కి గుర్తు రాలేదు. ఇక్కడ తెల్లపెట్టె లేదు, నల్లపెట్టె లేదు. టీవీ పక్కన అరచేతిలో పట్టేంత వస్తువొకటి ఉంది.

"ఇదేటండి?" అన్నాడు దేవీప్రసాద్.

"నింటెండో, బాబూ. మా మేనల్లుడు ఓడలో పని సేత్తాడు కదా, జపాన్ నించి తెచ్చినాడు. మీ ఇంట్లో సూసొచ్చిన నాడే ఆడికి ఫోన్ సేసినాను, నలుగురూ కలిసి ఆడీది ఏటైనా ఉందేట్రా అని. నిమజ్జనం నాడే వచ్చీసింది."

నిమజ్జనం నాడే. దేవీప్రసాద్‌కి చింతపండు గుర్తొచ్చింది. సుందర్ రాజ్‌కి కేకు గుర్తొచ్చినట్టుంది, బుట్ట కింద పెట్టేశాడు.

"మరి మాకు సెప్పలేదేటండి?" అన్నాడు సుందర్ రాజ్.

"ఏది కొంతారని అడిగినారు గాని, కొన్నారా అని మీరెప్పుడడిగినారు? పన్లు సేసి పెడతన్నోళ్లని వద్దంటే బాగుంటాదేటి?"

దేవీప్రసాద్ భార్య వైపు చూశాడు. "దసరా రేపు," అన్నాడు. "గ్రైండర్ పెట్టీసుకుంటావా?"

హేమశ్రీ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "గ్రైండర్ ఎందుకండీ, ఆ బల్ల మీదకీ ఇలాటిదే. ఆ మేనల్లుడు మళ్లీ డిసెంబర్‌లో వత్తాడంట. రోజలిన్ గారూ నానూ సెరొకటీ సెప్పీసినాం. మీ పెట్టెలు రెండూ అమ్మీడమే. మూడిళ్లయితే ఆటలు మార్చుకోవచ్చు కదా."

అది తన వాదనే. ఎక్స్‌బాక్స్ కొన్ననాటి నుంచి ఇంట్లో తను చెబుతున్న వాదన. మొదటిసారి అది గెలవడం చూశాడు.

ఇద్దరూ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డారు. సుందర్ రాజ్ కాసేపు ఫోన్‌లో ఏదో వెతికాడు. తర్వాత ఫోన్ బోర్లించాడు.

"బావా, పెపంచకంలో మన పెట్టెలు రెండూ కలిపినా అదే ఎక్కువ అమ్మినారంట."

"మరి ఇన్నాళ్లూ మనం ఎవలితో దెబ్బలాడినాం బావా?"

లోపల మళ్లీ నవ్వులు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. రామలక్ష్మమ్మ, చేతిలో రిమోట్ అలాగే ఉంది.

"బాబూ, సిలిండర్ అయిపోనాది."

అలవాటు కొద్దీ ఇద్దరూ ఒకేసారి లేచారు.