రోజూ స్టార్ట్ చేసిన బండి

పై వాటాలో మా తమ్ముడుంటాడు. వాడి కారు తాళం తిప్పగానే లేస్తుంది. నా కారు తాళం తిప్పితే వాడి కిటికీ తెరుచుకుంటుంది. "అన్నయ్యా, వచ్చి తోయనా?" అంటాడు. ఆ గొంతులో వెటకారం ఉండదు. అదే నాకు ఒళ్ళుమంట.

మా అమ్మాయికి ఊరి చివరున్న కంపెనీలో ఇంటర్వ్యూ వచ్చింది. చిన్నప్పటినుంచీ దానికి ఎక్కడికెళ్ళాలన్నా బాబాయే. ఈసారి మాత్రం నేనే దింపుతానని పంతం పట్టాను. అది "సరే నాన్నా" అనడానికి కొంచెం సేపు ఆలోచించింది. ఆ కొంచెం సేపూ నాకు ముల్లులా గుచ్చుకుంది.

కొత్త బ్యాటరీ కొనడానికి బయల్దేరుతుంటే తమ్ముడు మెట్ల మీదనుంచే మొదలెట్టాడు.

"పెద్దది వద్దన్నయ్యా, నీ బండికి సరిపడే సైజే తీసుకో. మీద తయారైన తేదీ ఉంటుంది, చూసి తాజాది ఇమ్మను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడు చెప్పాడు కాబట్టి సైజు అడగలేదు. వాడు చెప్పాడు కాబట్టి తేదీ చూడలేదు. షాపు అద్దాల వెనక ఏనాటినుంచో కొలువుదీరి ఉన్న పెద్ద బ్యాటరీని చూపించి, అదే కావాలన్నాను. షాపువాడి మొహం చాటంత అయింది.

ఇంటికొచ్చి తాళం తిప్పితే ఇంజను గయ్యిమంది. పైన కిటికీ తెరుచుకోలేదు! నా ఆనందం ఇంతా అంతా కాదు. నా ఫొటో స్టూడియో వీధి చివరే, బండితో నాకు పనే లేదు. అయినా ఆ రోజునుంచి పొద్దున్నా, భోజనానికొచ్చినప్పుడూ, స్టూడియో కట్టేసొచ్చాకా లైట్లు వేసి, పాటలు పెట్టి స్టార్ట్ చేసేవాణ్ణి. వాడి చెవిన పడిందనిపించగానే ఆపేసేవాణ్ణి.

"కదలని బండికి రోజూ ఈ హడావిడేంటండీ?" అంది మా ఆవిడ.

"బ్యాటరీకి వ్యాయామం. నీకు తెలీదులే."

ఒకరోజు తమ్ముడు ఉండబట్టలేక కిందికి దిగాడు. "అలా స్టార్ట్ చేసి ఆపేస్తుంటే ఉన్న ఛార్జింగ్ కూడా పోతుందన్నయ్యా. వాడిన కరెంటు మళ్ళీ ఎక్కాలంటే ఓ అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి."

"నీ కడుపుమంట నాకు తెలుసులేరా!" అన్నాను. వాడు వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ రోజు అమ్మాయి ఫైలు పట్టుకుని నా పక్కన కూర్చుంది. తాళం తిప్పాను. టిక్. మళ్ళీ తిప్పాను. టిక్ టిక్ టిక్. డాష్‌బోర్డు లైట్లు కూడా ఆరిపోయాయి.

"ఒక్క నిమిషం తల్లీ."

"పర్లేదు నాన్నా," అంది మెల్లిగా, తలుపు తీస్తూ. "ఎందుకైనా మంచిదని బాబాయికి నిన్ననే చెప్పి ఉంచాను."

గేటు బయట తమ్ముడి కారు అప్పటికే స్టార్టయి ఉంది. వాడు నావైపు చూడలేదు. చూసి నవ్వుంటే నాలుగు తిట్టడానికైనా వీలుండేది. నేనూ వస్తానని వెనక సీట్లో ఎక్కాను.

"భయమేస్తోంది బాబాయ్," అంది అమ్మాయి ముందు సీట్లోంచి. పొద్దుటినుంచీ పక్కనే తిరుగుతున్న నాతో ఆ మాట అనలేదు.

"వాళ్ళేం నిన్ను కొరుక్కు తినరులే," అన్నాడు వాడు. అది పకపకా నవ్వింది.

నా కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. దేవుడా, ఈ బండి ఇక్కడే, ఈ నడిరోడ్డు మీదే ఆగిపోవాలని మనసులో దండం పెట్టుకున్నాను. అందులో ఇంటర్వ్యూకి వెళ్తున్నది నా కూతురే. అది గుర్తొచ్చాక కూడా ఆ కోరిక వెనక్కి తీసుకోవడానికి నాకు ఇంకో రెండు సిగ్నళ్ళు పట్టింది.