దుప్పటి కింది వెచ్చదనం

నేను ఒక వార్మర్‌ను. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు పైనుంచి వేడినిచ్చి కాపాడే యంత్రాన్ని. తలలో ఒక కాయిల్, ఒడిలో చిన్న పరుపు. అంతకు మించి నాలో గొప్పతనమేమీ లేదు. దూరదేశపు సంస్థ ఒకటి ఇచ్చిన అప్పుతో సర్కారు నన్ను కొని, ఏజెన్సీ కొండల్లోని గుమ్మిగెడ్డ ఆరోగ్య కేంద్రానికి పంపింది. ఆ అప్పులో యంత్రాలు కొనడానికి పద్దు ఉంది. కొన్నవి చెడితే బాగుచేయించడానికి లేదు. నా బతుకులో జరిగినదంతా ఈ ఒక్క లోపం నుంచే పుట్టింది.

నన్ను లారీలోంచి దించిన రోజు కొబ్బరికాయ కొట్టారు, బంతిపూల దండ వేశారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. మరునాడు డాక్టరు భార్గవగారు హెడ్ నర్సు సువార్తమ్మను పిలిచారు. సంతకం పెట్టి నన్ను తీసుకున్నది ఆవిడే.

"సిస్టర్, ఇది చెడితే మనకు పైసా రాదు. ఆడిట్ వాళ్లు మీ జీతంలో పట్టుకుంటారు. వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, పింఛను ఆగిపోతుంది. మీ మంచికే చెప్తున్నా, కప్పి ఉంచండి."

ఆయన చెడ్డవాడు కాదు. పక్క మండలంలో ఒక ఫార్మసిస్టుకు అలాగే జరగడం చూసినవాడు. సువార్తమ్మ నా మీద తెల్ల దుప్పటి కప్పింది. మాయగానే ఉతికి మళ్లీ కప్పేది. తనిఖీకి వచ్చిన పెద్దలు దుప్పటి ఎత్తి చూసి, "ఎంత కొత్తగా ఉంచారు!" అని మెచ్చుకుని వెళ్లేవారు. యంత్రం కొత్తగా ఉందంటే ఏ బిడ్డా దాని దగ్గరకు రాలేదని వారికి తట్టేది కాదు. బరువు తక్కువ పిల్లలను ఘాట్ రోడ్డు మీదుగా జిల్లా ఆసుపత్రికి పంపేవారు. అందరూ చేరలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఊరి పక్క కొండవాగు, గెడ్డ, పొంగి రోడ్డు తెగింది. మీటింగుకు వెళ్లిన డాక్టరుగారు అవతలి గట్టునే చిక్కుకున్నారు. ఫోన్లు పనిచేయలేదు. అదే వేళ వంతాల జమున నెలలు నిండకుండానే ఆడపిల్లను కన్నది. పిల్ల ఏడ్చింది గాని, కాసేపటికే ఒళ్లు చల్లబడసాగింది. జమున అత్త సోములమ్మ మనవరాలిని గుండెకు అదుముకుని గదంతా కలయజూసింది.

"నర్సమ్మా, ఆ దుప్పటి కింద ఏటున్నాది? దేవుడా? దేవుడైతే ఓపాలి మొక్కుకుంటాను."

"దేవుడు కాదు సోములమ్మా. పొయ్యిలాంటిది. పిల్లల్ని వెచ్చగా ఉంచుద్ది."

"మరి ముట్టించవేటి? కట్టెలు నేవా?"

దుప్పటి పలచని నేతలోంచి నాకు సువార్తమ్మ ముఖం కనిపించింది. ఒంటరి మనిషి, ముందున్న ముసలితనానికి ఆ పింఛనే ఆధారం. ఆవిడ చెయ్యి దుప్పటి అంచు పట్టుకుని ఆగింది. మరుక్షణం, "ప్రభువా, నా సంగతి నువ్వే చూసుకో" అంటూ లాగేసింది.

మొదటిసారి నా ఒడిలో ఒక బరువు. కోడిపిల్లలా వణికే ఆ ఒంట్లో నీలిరంగు మెల్లగా తగ్గి, పాదాలు ఎర్రబడ్డాయి. పొద్దు వాలే వేళ కరెంటు పోయి, మరుక్షణం ఎక్కువ వోల్టేజీతో తిరిగి వచ్చింది. నా కాయిల్ ఫట్‌మని కాలిపోయింది. అప్పటికి పిల్ల తేరుకుంది. సువార్తమ్మ తడబడకుండా ఆమెను తల్లి రొమ్ముకు ఆనించి, ఇద్దరికీ కలిపి కంబళి చుట్టింది.

గెడ్డలో వరద తీశాక విచారణకు ఒక అధికారి వచ్చారు. "యంత్రాన్ని పాడుచేసింది మీరేనా?" అని సువార్తమ్మను అడిగారు. ఆవిడ నోరు విప్పేలోపే వరండాలోంచి సోములమ్మ అందుకుంది.

"పాడైపోనాదంటే పని చేసినాదనే గదా బాబూ! పొయ్యికి మసి అంటనేదంటే ఆ ఇంట్లో కూడు వొండనేదనే లెక్క."

డాక్టరుగారు తల దించుకున్నారు. తరువాత నెమ్మదిగా, "వాడమని ఫోన్‌లో నేనే చెప్పాను సార్" అన్నారు. ఆ రోజు కొండమీద ఏ ఫోనూ మోగలేదని అధికారికీ తెలుసు. ఆయన సోములమ్మ చేతిలోని పిల్లను కాసేపు చూసి, వోల్టేజీ దెబ్బ అని రాసుకుని వెళ్లిపోయారు. సువార్తమ్మ జీతం జోలికి ఎవరూ రాలేదు.

కాయిల్ మాత్రం రాలేదు. చిన్న కాయిల్‌కు లేని పద్దు పూర్తి యంత్రానికి ఉంది కనుక, ఇంకో వార్మర్ వచ్చింది. నన్ను విరిగిన మంచాల గదిలోకి తోశారు. తలుపు సరిగా పడదు గనుక అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ దండ. అలవాటుగా డాక్టరుగారు, "సిస్టర్, దుప్పటి..." అని మధ్యలోనే ఆగారు.

సువార్తమ్మ వరండా వైపు చూపించింది. దుప్పటి అక్కడే ఉంది. చింపి, ఉతికి, తీగ మీద వరసగా ఆరేసిన పొత్తిగుడ్డలై గాలికి ఊగుతోంది.