అత్తగారికి చోటు

ఆ ఆశ్రయానికి బోర్డు లేదు. కింద కుట్టుమిషన్ల గది, పైన పడకగదులు, వంటిల్లు. మొగుళ్ళు వెతుక్కుంటూ రాకుండా చిరునామా ఎవరికీ చెప్పరు. నడిపే ఆవిడ బొడ్లో ఎప్పుడూ తాళాలగుత్తి ఉంటుంది కాబట్టి అందరికీ ఆవిడ తాళాలక్క. కొత్తగా వచ్చినవాళ్ళని మొదటిరోజు ఏమీ అడగదు. వేణ్ణీళ్ళు తోడుతుంది, అన్నం పెడుతుంది, పడుకోమంటుంది.

కుట్టుపని తెలిసిన ఒకమ్మాయి చిన్న కూతురితో అక్కడికొచ్చి కొన్ని నెలలైంది. ఇప్పుడిప్పుడే నవ్వుతోంది. ఒక పొద్దున తాళాలక్క ఆమె మిషన్ పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందమ్మా. ఒక పెద్దావిడకి చెయ్యి విరిగింది. కొట్టింది కొడుకేనట. వివరాలు చూస్తే మీ అత్తగారే."

అమ్మాయి మిషన్ ఆపేసింది.

"నువ్విక్కడున్నట్టు ఆవిడకి తెలీదు. నీకిష్టం లేకపోతే వేరే ఆశ్రయానికి పంపిస్తాను. నువ్వెలా అంటే అలాగే."

"ఆయన నన్ను కొడుతుంటే ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముకునేదక్కా." అమ్మాయి దారం తెంపింది. "తోముతుంటే చేతులు వణికేవి. అదీ చూశాను. రానివ్వండి. నా గదిలో మాత్రం వద్దు."

గుమ్మంలో కోడల్ని చూసి అత్తగారు తలెత్తలేకపోయింది. రెండ్రోజులు కోడలు ఆవిడ గదివైపు వెళ్ళలేదు. చేతికి కట్టుతో ఆవిడ జుట్టు దువ్వుకోలేక అవస్థపడుతుంటే, కోడలే దువ్వెన లాక్కుంది.

"ఇటు తిరగండి. నొప్పెడితే చెప్పండి."

"నువ్వు చెప్పినప్పుడు నేను విన్నానా తల్లీ?"

"లేదు. వినలేదు," అంది కోడలు, చిక్కు తీస్తూనే. జడ మాత్రం వదలకుండా చివరిదాకా అల్లింది.

ఆ వారం లాయరమ్మ వచ్చింది. కోడలు మొగుడి మీద పెట్టిన కేసులో సాక్షి లేకపోవడమే చిక్కని చెప్పింది. పక్కనే కూర్చున్న అత్తగారు గొంతు సవరించుకుంది.

"నేను చెప్తాను. వాణ్ణి కన్నదాన్నీ నేనే, వాడు చేసింది కళ్ళారా చూసినదాన్నీ నేనే."

"తొందరేం లేదు, ఆలోచించుకోండి," అంది తాళాలక్క.

"ఇన్నాళ్ళూ చేసింది ఆలోచనేనమ్మా."

కోర్టులో ఆవిడ మాట మార్చలేదు. అతను ఆ ముగ్గురి దరిదాపులకి రాకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చారు.

ఇప్పుడు ముగ్గురూ ఒక చిన్న వాటాలో ఉంటున్నారు. కోడలు బట్టలు కుడుతుంది, అత్తగారు గుండీలు వేస్తుంది. వదులుగా వేశారని కోడలు, వెలుతురు చాల్లేదని అత్తగారు రోజూ వాదించుకుంటారు. ఆదివారం ఇద్దరూ తాళాలక్క దగ్గరికొచ్చి ఒకరిమీద ఒకరు చాడీలు చెప్తారు. ఆవిడ ఇద్దరికీ సరేనని తలూపి, టీకి నీళ్ళు పెడుతుంది.