తామో వయసు తగ్గించిన సైటు

టెటువాన్‌లో నాకు ఇంటి ముందుగదిలోనే నలభై ఏళ్లుగా ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల పని మాత్రం లాల్లా సాదియా చేతిలో ఉంటుంది. పెళ్లికూతురికి ఏడు రకాల బట్టలు మార్చేది ఆవిడ, పల్లకీ ఎక్కించేది ఆవిడ. ఫొటోలు ఎవరు తీయాలో చెప్పేదీ ఆవిడే.

ఒకరోజు గడపలోనే నిలబడి చెప్పింది.

"ఏమయ్యా సీ మఫద్దల్, ఇప్పటి పిల్లలు ముందు ఇంటర్నెట్‌లో ఫొటోల సైటు చూపించమంటున్నారు. నీకు లేదు. టాంజియర్‌లో ఫొటోలు తీసే కుర్రాడికి ఉంది. శుక్రవారంలోగా పెట్టావా, ఈ ఎండాకాలం పెళ్లిళ్లన్నీ నీవి. లేదా, వాడివి."

తలూపాను.

"నోరు లేదా నీకు?"

"పెడతా," అన్నాను.

నేను చదివింది మూడో తరగతి. కోడింగ్ అంటే తినేదో తొడుక్కునేదో తెలియదు. అల్లుడు పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చి, అదేమీ అక్కర్లేని చోటు చూపించాడు. అక్కడ సైటు కట్టేసే ఉంటుంది. వరసగా ఖాళీ గళ్లు. ఫొటోను లాక్కొచ్చి గడిలో వదలడమే.

వదలడానికి ఫొటోలేవి? బీరువాలో వెయ్యిమంది పెళ్లికూతుళ్లున్నారు. కూతురి ఫొటో లోకమంతా చూస్తుందంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? నలుగురిని అడిగాను. ముగ్గురు మొహం మీదే తలుపు వేశారు. నాలుగో ఆయన టీ ఇచ్చి, తాగాక వేశాడు.

ఇక మిగిలింది నా భార్య తామో.

"నన్నే పెట్టుకో. ముక్కు మాత్రం చిన్నగా కనపడాలి," అంది.

ముక్కు సంగతి దేవుడికి వదిలేశాను. గోరింట పెట్టుకున్ననాటి ఫొటోతో మొదలుపెట్టాను. తర్వాత పెళ్లి. అదీ నేనే తీశాను, అందుకే అందులో నేను లేను. తర్వాత కొడుక్కి ఏడో రోజున పేరు పెట్టిన విందు. అలా నిరుటి పండగ దాకా నలభై. గళ్లు కుడి నుంచి ఎడమకు నింపాను. మా భాషలో రాసేది అటు నుంచే, చదివేది అటు నుంచే. ఇంకెటు నుంచి నింపుతారు? గురువారం నేను సాదియాకు పంపాను, తామో వాళ్లక్కకు పంపింది.

సైటు కట్టినవాళ్లు పరాయి దేశంవాళ్లు. అది ఫొటోల్ని ఎడమ నుంచి ఒక్కొక్కటే చూపించిందట.

శుక్రవారం పొద్దున్నే లారాష్ నుంచి తామోకు వాళ్లక్క ఫోను. ఆవిడ అరుపు వంటింట్లోంచి నాకు వినపడింది.

"ఏమేవ్, ముందు ముసలిదానివి, తర్వాత కొడుకు, ఆ తర్వాత పెళ్లీనా! మొగుడైతే ఎక్కడా లేడు! పరువు తీశావు కదే!"

తామో ఫోను పెట్టేసి నా వైపు చూసింది.

"ఎటు నుంచి నింపావయ్యా?"

"కుడి."

"వాళ్లు చూపించేది?"

"ఎడమ."

"తీసెయ్. ఇప్పుడే!"

అల్లుడు పెట్టడమే నేర్పాడు. తీయడం నేర్పలేదు. కనపడ్డవన్నీ నొక్కుతుంటే తలుపు తట్టారు. లాల్లా సాదియా. వెనక ఓ పెళ్లికూతురి తల్లి, ఇద్దరు పిన్నులు, కర్ర పోటేసుకుంటూ అమ్మమ్మ. ఈ ఎండాకాలం టాంజియర్ వాడిదే అనుకున్నాను.

అమ్మమ్మ నేరుగా వెళ్లి తామో గడ్డం పట్టుకుంది.

"ఈవిడేనా, ఫొటో ఫొటోకీ ముడతలు పోయినావిడ? మొదట అచ్చం నాలాగే ఉంది. చివరికొచ్చేసరికి పద్దెనిమిదేళ్ల పిల్ల! ఆ టాంజియర్ వాడి సైటులో ఎలాగున్నవాళ్లు అలాగే ఉన్నారు. వాడెందుకు మనకు?"

తామో నోరు తెరవబోయింది. సాదియా ఆమె కాలు తొక్కింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చింది.

"పెళ్లిళ్లు నీవే. నోరు మాత్రం విప్పకు. నీకు అలవాటేగా."

అమ్మమ్మ స్టూడియో కుర్చీలో కూర్చుని తలగుడ్డ సవరించుకుంది. ఒకటి తీశాను. చూపించమంది. చూపించాను.

"ఇదేమిటయ్యా, ఏమీ తగ్గలేదే! నీ పెళ్లానికి ఎన్ని తీశావు?"

"నలభై," అన్నాను. అబద్ధం కాదు.

"మరి నాకు ఒక్కటి తీసి ఊరుకున్నావేం? కానీ, కానీ," అంటూ ఆవిడ సర్దుకు కూర్చుంది.

వెనక పిన్నులిద్దరూ వరస కట్టారు. వాళ్ల వెనక తామో కూడా నిలబడింది.