కోతికి కనబడని చేతులు

కొండాపూర్ ఆఫీసులో ఆ ఉదయం కెజియా ప్రాణం ప్రాణంలో లేదు. ప్రగతి నగర్ మేడలన్నీ ఎక్కి దిగి, కోతుల చేష్టలన్నీ గమనించి కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే. కళ్లు మూసేసే ఆ వీఆర్ హెడ్‌సెట్ తలకి తగిలించుకుంటే చాలు, ఎదురుగా నిజంలాంటి బాల్కనీ, బాల్కనీ గోడమీద కోతి. చేతిలో సంచి బిగించి పట్టుకుంటే మీద పడి లాక్కుంటుంది. వదిలేస్తే తీసుకుని తన దారిన పోతుంది. కోతులొచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో జనానికి నేర్పడానికి చేసిందది. అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షురాలు బాలాత్రిపురసుందరి గారికి ఇవాళ నచ్చకపోతే కోతుల పని మూత, కెజియా మళ్లీ జీతాల సాఫ్ట్‌వేర్‌లోకి. దానికన్నా కోతులే వెయ్యి రెట్లు నయమని ఆమె గట్టి నమ్మకం.

సుందరి గారు వస్తూనే కొత్త హెడ్‌సెట్ చూసి, "పూజ చేశారా?" అన్నారు. మేనేజర్ లోహిత్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, కొత్త వస్తువండీ!" అంటూ ఆవిడ సంచిలోంచి కుంకుమ భరిణ తీశారు. తడివేలితో అద్ది, హెడ్‌సెట్ ముందువైపున్న గుండ్రటి గాజులన్నిటి మీదా ముచ్చటగా బొట్లు దిద్దారు. అవి కెమెరాలు. పెట్టుకున్నవాళ్ల చేతుల్ని చూసి లోపలి బొమ్మలో చూపించేవి అవే. కెజియా నోరు తెరిచేలోపే ఆవిడ దాన్ని తలకి తగిలించేసుకున్నారు.

ఇంకేముంది! "ఏవండీ, నా చేతులేవండీ?" అంటూ ఆవిడ గాలిలో తడుముకుంటున్నారు. ఆవిడకి కనబడేదే చూపించే పక్క తెరమీద కోతి, ఎదుట మనిషే లేనట్టు, తీరిగ్గా వీపు గోక్కుంటోంది.

"ఏంది కెజియా గిట్లయింది? జర తుడువు!" లోహిత్ చెవిలో గొణిగాడు.

తుడవడం ఎంతసేపు? కానీ ఆవిడ భక్తిగా పెట్టిన బొట్టు, చర్చికెళ్లే తను చెరిపేస్తే ఏమనుకుంటారో! "నువ్వే తుడవకూడదూ?"

"నేనా? మా అమ్మకు తెలిస్తే సంపుతది."

ఈలోగా సుందరి గారు హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టేశారు. "పని చెయ్యట్లేదండీ. నే వెళ్లొస్తాను."

కెజియాకి ఏడుపొక్కటే తక్కువ. ఇక ఉండబట్టలేక అనేసింది. "ఆంటీ, మీరు బొట్టు నుదుట పెట్టలేదు, కళ్లలో పెట్టేశారు! దాని కళ్లు అవే. నుదురు ఇదిగో, ఈ పైన పట్టీ!"

లోహిత్ తల పట్టుకున్నాడు. సుందరి గారు హెడ్‌సెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కళ్లలో కుంకుమ కొట్టానా? రామ రామ! ముందే చెప్పొద్దుటమ్మా?" అని, పసిపిల్ల మొహం తుడిచినట్టు కొంగుతో తనే తుడిచి, పైన పట్టీ మీద ఒక్క బొట్టు పెట్టి, మళ్లీ తగిలించుకున్నారు.

ఈసారి కోతి దూకింది. సుందరి గారు, చేతిలో నిజంగా లేని సంచిని గుండెలకి హత్తుకుని కెవ్వుమన్నారు.

"వదిలెయ్యండి ఆంటీ! దాని కళ్లలోకి చూడకండి!"

వదిలారు. కోతి సంచీతో గోడ దూకి పోయింది. ఆవిడ చెమట తుడుచుకుంటూ నవ్వారు.

"మా వాళ్లందరికీ నేర్పాలండీ. ఒక్కటేం సరిపోతుంది? ఇంకోటి తెప్పించండి." లోహిత్‌తో అలా అని, కెజియా చెయ్యి పట్టుకున్నారు. "దానికీ బొట్టు నేనే పెడతాను. నువ్వు పక్కనుండి నుదురెక్కడో చూపించాలి తల్లీ."

కెజియాకి నవ్వూ కన్నీళ్లూ కలిసే వచ్చాయి. "ఉంటానాంటీ" అంది.