రెడ్ దాటని పిల్ల

మా మనవరాలు షైని ఒకటో తరగతిలో ముగ్గురిని కొరికింది. ఇంకొక్కసారి కొరికితే టీసీ చేతిలో పెట్టేస్తామని రైల్వే బడివాళ్ళు తేల్చి చెప్పారు. వాళ్ళమ్మ నర్సు ఉద్యోగానికి చెన్నై వెళ్ళినప్పటినుంచీ పిల్లకి ఈ కోపం. నాకు తెలిసిన మందు వీపు మీద దెబ్బే. రెండు వేశాను. ఇంకా ముదిరింది. నా బుద్ధి తక్కువ.

మా ఆయన సుందర్ రాజు ఖరగ్‌పూర్‌లో ముప్పై ఏళ్ళు రైలింజను నడిపారు. ఒక్కసారి కూడా రెడ్ సిగ్నల్ దాటలేదని ఇప్పటికీ మీసం దువ్వుకుంటారు. ఆయన పిల్లని దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

"ఇంజన్లో సిగ్నల్ కనబడితే పైకి సెప్పాలి. కోపం వస్తన్నాదంటే ఎల్లో అను. మరీ ఎక్కువైతే రెడ్ అని ఆగిపో. సల్లారినాక గ్రీన్."

"పిల్ల కోపానికి జెండా ఊపుతారేటి?" అన్నాను.

"నువ్వూరుకో, ఎస్తేరమ్మా."

ఇంట్లో షైని "ఎల్లో" అనేది. ఆయన వెంటనే "ఎల్లో" అనేవారు. పిల్ల ఆగేది.

సోమవారం టిఫిను డబ్బా మరిచిపోతే పట్టుకుని బడికి వెళ్ళాను. కిటికీలోంచి చూద్దును కదా, పక్కన కూర్చునే తీతు షైని కాగితం మీద నీళ్ళు ఒలకబోశాడు. వాళ్ళమ్మని గీసుకున్న బొమ్మ అది.

"ఎల్లో," అంది షైని. ఎవరూ పలకలేదు. మళ్ళీ అంది. పిల్లలు నవ్వారు.

"రెడ్." పళ్ళు బిగిశాయి.

అప్పుడు తట్టింది నాకు. ఇంజన్లో ఒకరు చెబితే చాలదు, పక్కవాడు తిరిగి చెప్పాలి. ఆ సంగతి బడిలో ఎవరికీ చెప్పనే లేదు మేము.

"రెడ్," అని బయటినుంచే అరిచాను. టీచరు ఉలిక్కిపడింది. తీతు నాన్న కూడా రైలు డ్రైవరే. వాడికి అర్థమైపోయింది. "రెడ్," అన్నాడు మెల్లగా. రైల్వే పిల్లలు కదా, క్షణంలో క్లాసంతా అందుకుంది.

షైని పిడికిళ్ళు బిగించి నిలబడిపోయింది. చివరికి "గ్రీన్," అంది. నలభై గొంతులు "గ్రీన్" అన్నాయి. టీచరు కూడా అంది. తీతు తన చొక్కాతోనే నీళ్ళు తుడిచాడు.

బడివాళ్ళు టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ క్లాసులో ఇప్పుడు ఎవరికి కోపం వచ్చినా ఇదే పద్ధతి.

ఆ సోమవారం సాయంత్రం షైని బూట్లు కూడా విప్పకుండా తాత దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నేనూ రెడ్ దాటనేదు."

ఆయన కుర్చీలోంచి లేచి, ఆరేళ్ళ పిల్లకి సెల్యూట్ కొట్టారు. నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు?