భూమేష్ ఏం ఆడి ప్రెసిడెంటయ్యాడు?

మనుషులంతా ఒక్కటే అని భూమేష్ మైకు దొరికినప్పుడల్లా అరిచేవాడు. మైకు దొరక్కపోయినా అరిచేవాడనుకోండి, అది వేరే సంగతి. బాన్సువాడ కాలేజీలో రెండేళ్ళుగా విద్యార్థి సంఘం ప్రెసిడెంటు ఆయనే. వాళ్ళ నాన్నకు బీడీల కార్ఖానా ఉంది, ఈయనకు ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు ఉంది. ఇంకేం కావాలి? ఓట్లూ గీట్లూ ఉండేవి కావు. బస్టాండు పక్క హోటల్లో నలుగురు దోస్తులు చాయ్ తాగుతూ కాగితం మీద పేర్లు రాసేస్తే అదే ఎన్నిక. దానికి ఏకగ్రీవం అని పేరు కూడానూ!

ఎనభై మూడు ఆగస్టులో ధర్మి ఆ చాయ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. నస్రుల్లాబాద్ దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చి బి.ఏ. రెండో ఏడు చదివే పిల్ల. కాలేజీలో ఆడపిల్లలకంటూ ఒక గది లేదు. ఊరి పిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి తినొచ్చేవాళ్ళు. తండా పిల్లలు మాత్రం సైకిళ్ళ షెడ్డులో, చైన్ల జిడ్డు వాసనలో సద్ది విప్పుకునేవాళ్ళు. లేడీస్ సెక్రటరీ అయితే ఆ గది సంగతేదో తేల్చొచ్చని ధర్మి ఆశ.

"అన్నా, ఈపారి లేడీస్ సెక్రటరీకి నా పేరు రాయి" అంది.

భూమేష్ మురిసిపోయాడు. "బరాబర్ రాస్త చెల్లె! గిట్ల తండాలోల్లు ముందుకు రావాలె. అయితే పంద్రాగస్టుకు కలెక్టరాఫీసు నుంచి పెద్దసారు వస్తుండు. నువ్వు స్టేజీ మీద మీ లంబాడి డ్యాన్స్ చెయ్యి, గంతే. తెల్లారి సెక్రటరీవి నువ్వే."

"నాకు డ్యాన్స్ రాదన్నా."

"మజాక్ చెయ్యకు. మీకు పుట్టుకతోనే వస్తదంట గద!"

ధర్మికి పుట్టుకతో వచ్చింది వాళ్ళ నాయన ముక్కు ఒక్కటే. తీజ్ పండుగకు తండా ఆడపిల్లలంతా గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడుతుంటే, ఈమె ఎవరి కాలో ఒకటి తొక్కేది. "నువ్వు పక్కకు జరుగు బిడ్డా, మొలకలనన్న బతకనీ" అని ముసలవ్వలు దండం పెట్టేవాళ్ళు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అంటుంది కానీ, పాపం ఈమెకు ఆ సాకు కూడా లేదు. అయినా గది కావాలి కదా! ఇంటికి పోయి తల్లి సక్రి ముందు గంతులు మొదలుపెట్టింది.

రెండో రోజుకే సక్రి నవ్వలేక కడుపు పట్టుకుని కూలబడింది. "ఆపవే తల్లీ! గిదెందుకు నేర్చుకుంటున్నవ్?"

"ఆడితే సెక్రటరీని చేస్తరు యాడీ" అంది ధర్మి. యాడీ అంటే తండా మాటలో అమ్మ.

తల్లి నవ్వు ఆగిపోయింది. "మరి గా పోరడు ఏం ఆడి ప్రెసిడెంటయిండు?"

ధర్మికి ఒళ్ళు భగ్గున మండింది. అంత చదువు చదివి తనకెందుకు తట్టలేదీ మాట? భూమేష్ మీద ఎంత కోపమొచ్చిందో, గంతులేసి వాచిన తన మోకాళ్ళను చూసుకుని అంత సిగ్గేసింది.

పంద్రాగస్టు నాడు తండా ఆడవాళ్ళు ట్రాక్టరెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పెద్దసారు దండ మెడలో వేసుకుని చెమటలు కారుస్తున్నాడు. "ఇప్పుడు మన తండా చెల్లె ధర్మి నృత్యం!" అని భూమేష్ ప్రకటించాడు. ధర్మి అద్దాల లంగా వేసుకోలేదు. రోజూ కట్టే వాయిలు చీరలోనే వచ్చి మైకు అందుకుంది.

"నాకు డ్యాన్స్ రాదు. సంఘంల పదవి కావాలంటే ఆడాలన్నడు భూమేషన్న. గా రూలు నాకొక్కదానికేనా? రెండేండ్ల సంది ప్రెసిడెంటున్నడు. మొదలు అన్న ఆడాలె, తర్వాత నేను ఎగురుత."

ఇక చూడాలి ఈలలు! "ఆడన్నా, ఆడు!" అని వెనక బెంచీలు లేచి నిలబడ్డాయి. పెద్దసారు కూడా చప్పట్లు కొట్టేశాడు. కింద సక్రి పాటెత్తుకుంది, తక్కిన ఆడవాళ్ళు గొంతు కలిపారు. భూమేష్ కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు, దారి లేదు. చేతులెత్తి, కల్లంలో ఎద్దు తిరిగినట్టు మూడు చుట్లు తిరిగాడు. ధర్మి కంటే అధ్వాన్నం! నవ్వీ నవ్వీ ధర్మి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

పాపం, మరీ చెడ్డవాడేం కాదు. రొప్పుతూ మైకు దగ్గరికొచ్చి, "తప్పయింది చెల్లె. నువ్వే సెక్రటరీవి, ఇప్పుడే ప్రకటిస్తున్న" అన్నాడు.

"నువ్విచ్చేదేందన్నా? ఓట్లు పెట్టు. ఓడిపోతే ఓడిపోత."

పెద్దసారు ముందు ప్రిన్సిపాలు కాదనలేకపోయాడు. వచ్చే సోమవారం ఓట్లన్నాడు.

ధర్మి స్టేజీ దిగేసరికి ఒక పిల్ల అడ్డొచ్చింది. కిరాణం నర్సయ్య బిడ్డ బాలమణి, పోయినేడు లేడీస్ సెక్రటరీ. ఏడాదంతా ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళు లేరు.

"నేను గూడ నిలబడుతున్న" అంది బాలమణి. "పోయినేడు హోటల్ల కూసొని నా పేరు రాసిండ్రు. మా నాయినకు చెప్పిండ్రు, నన్నొక్క మాట అడగలే. ఈపారి నాకై నేనే ఓట్లడుగుత. నిన్ను ఓడగొడ్త, చూడు!"

ఊళ్ళో సగం ఇళ్ళు బాలమణికి చుట్టాలే. ఓడిపోవచ్చు, గది చేజారొచ్చు. భయం నిజమే కానీ, ఎక్కడి నుంచో సంతోషం కూడా తన్నుకొచ్చింది. ఈ కాలేజీలో తనను చూసి ముచ్చటపడ్డవాళ్ళున్నారు, అయ్యో పాపం అన్నవాళ్ళున్నారు. పోటీకి వచ్చింది మాత్రం ఈ పిల్లొక్కతే.

"రావే, చూసుకుందాం" అంది ధర్మి.